రాజమండ్రి నుంచి గన్నవరం, జీపీఎస్ ఆపేసి

వారం నుంచి ఇదే పని. ఫ్లైట్ సిమ్యులేటర్‌లో పాత గుండ్రటి మీటర్ల సెస్నా 172 అనే చిన్న విమానం తీసుకుని, జీపీఎస్ ఆపేసి, మ్యాపూ గడియారమూ కంపాసుతోనే వెళ్ళాలని. జీపీఎస్ తెర మీద దారి చూపే ఆ గులాబీ గీత ఉన్నన్నాళ్ళూ నేను కిటికీలోంచి చూసిందే లేదు, గంటసేపు ఎగిరినా కింద ఏ ఊరు పోయిందో తెలిసేది కాదు.

లిటిల్ నావ్‌మ్యాప్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో మధురపూడి (రాజమండ్రి ఎయిర్‌పోర్టు) నుంచి గన్నవరానికి గీత గీస్తే 68 నాటికల్ మైళ్ళు, ట్రాక్, అంటే నేల మీద దారి దిక్కు, 240 డిగ్రీలు. 110 నాట్లకి (గంటకి 110 నాటికల్ మైళ్ళు) 37 నిమిషాలు. 180 నుంచి 359 మధ్య ట్రాక్‌కి సరి వేలు ప్లస్ 500 అడుగుల ఎత్తులో ఎగరాలి కాబట్టి 4500 అడుగులు. గంటకి 9 గ్యాలన్ల లెక్కన దారికి 6, 45 నిమిషాల రిజర్వ్‌కి 7, నేల మీద నడపడానికి (ట్యాక్సీ), పైకి ఎక్కడానికి (క్లైంబ్) కలిపి మొత్తం 16 పోశా. పైన గాలి 330 నుంచి 15 నాట్లు నేనే పెట్టా, పెట్టి హెడింగ్‌లో (విమానం ముక్కు పట్టే దిక్కు) కలపడం మర్చిపోయా, అదీ మన తెలివి.

రన్‌వే 23 నుంచి లేస్తే దాదాపు ట్రాక్ మీదే ఉంటాం, గోదావరి దాటేటప్పుడు ఎడమ పక్క ఆర్చి బ్రిడ్జి కనిపించింది, హాయిగా ఉంది. తాడేపల్లిగూడెం ఎడమకి ఏడు మైళ్ళ దూరంలో ఉండాలి, నాలుగు కూడా లేనట్టుంది, అయినా నాకేం అనుమానం రాలేదు. ఆ తర్వాత కింద అన్నీ చేపల చెరువులే, ఈ జిల్లాలో చెరువులు చూసి ఊరు గుర్తుపట్టడం అయ్యే పని కాదు, ఎటు చూసినా ఒకటే గళ్ళు. ఏలూరు సరిగ్గా నా గీత మీద ఉండాల్సింది, టైం దాటినా ఊరు రాదే, కిందకి చూస్తే కొల్లేరు! ఏలూరు కుడి పక్క దూరంగా మసగ్గా ఉంది. గాలి నన్ను ఆరున్నర మైళ్ళు ఎడమకి నెట్టేసింది.

అప్పుడు అరవైకి ఒకటి లెక్క పనికొచ్చింది. 60 మైళ్ళకి ఒక డిగ్రీ తేడా అంటే ఒక మైలు పక్కకి. 48 మైళ్ళలో ఆరున్నర పోయిందంటే తప్పు 8 డిగ్రీలు, మిగిలిన 20 మైళ్ళలో అదే ఆరున్నర కలుపుకోవాలంటే ఇంకో 20, మొత్తం 28 కుడికి తిప్పి 268 పట్టా. హనుమాన్ జంక్షన్ దాటాక హైవే కనిపించింది, దాన్ని పట్టుకుని పోతే పక్కనే ఎయిర్‌పోర్టు. ల్యాండింగ్ గురించి అడగొద్దు.

మర్నాడు 15ని 110తో భాగించి, 60తో గుణిస్తే వచ్చిన 8 డిగ్రీలు ముందే కలిపి 248 పట్టుకుని వెళ్ళా. ఏలూరు ముక్కు కిందకే వచ్చింది, కాకపోతే 26వ నిమిషంలో రావాల్సింది 29కి వచ్చింది. క్లైంబ్‌లో 75 నాట్లే ఉంటుందని లెక్కలో వేసుకోలేదు, ఈసారి ఎక్కడానికి 7 నిమిషాలు విడిగా రాయాలి. ఇంకోటి, జైరో డ్రిఫ్ట్ ఆప్షన్ ఆన్ చేసుంటే హెడింగ్ ఇండికేటర్ (జైరోతో పనిచేసే దిక్కు మీటరు) మెల్లగా జారుతుంది, 15 నిమిషాలకోసారి కంపాసు చూసి సరిచెయ్యాలి, అదీ విమానం తిన్నగా సమంగా వెళ్తున్నప్పుడే, తిరిగేటప్పుడు చూస్తే కంపాసే అబద్ధం చెప్తుంది.

ఆదివారం వెనక్కి ప్రయాణం, ట్రాక్ 060, ఇటు వైపుకి బేసి వేలు ప్లస్ 500, అంటే 5500 అడుగులు, గాలి ఈసారి లైవ్ వెదర్‌దే.