మా అమ్మాయి రైఫిల్‌కు పెల్లెట్లు ఎంచుకున్న తీరు

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో అరవై షాట్ల స్కోరును ఇప్పుడు దశాంశాలతో లెక్కిస్తున్నారు. ఒక షాట్‌కు గరిష్ఠంగా 10.9, మ్యాచ్ మొత్తానికి 654. లక్ష్యం నడుమనుండే పది అంకె చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. రైఫిల్ కాల్చే చిన్న సీసపు గుండు, అంటే పెల్లెట్, వ్యాసం 4.5 మిల్లీమీటర్లు కాబట్టి దాని అంచు ఆ చుక్కను తాకినా పది వస్తుంది గానీ, పెల్లెట్ కేంద్రం పావు మిల్లీమీటరు పక్కకు జరిగిన కొద్దీ ఒక్కో దశాంశం తగ్గుతూ పోతుంది. చెన్నైలో శిక్షణ పొందుతున్న మా అమ్మాయి అర్హత స్కోరుకు కొద్ది పాయింట్ల దూరంలో ఆగిపోతున్న దశలో కోచ్ గారు ఆమె నిలబడే తీరునూ, ట్రిగ్గర్ నొక్కే తీరునూ నిదానంగా పరిశీలించి, "ఇక ఈ బ్యారెల్‌కు ఏ పెల్లెట్ నప్పుతుందో చూడండమ్మా" అని నాతో అన్నారు. కాల్చవలసింది అమ్మాయే అయినా, పరీక్ష జరిపే బాధ్యత నేను తీసుకున్నాను.

పోటీల్లో వాడే పెల్లెట్లన్నీ పైకి ఒకేలా కనిపిస్తాయి. ముందుభాగం చదునుగా, నడుము సన్నగా, వెనుక పావడాలా విచ్చుకున్న పలుచని స్కర్ట్. చదునైన తల కాగితానికి గుండ్రని రంధ్రం కోస్తుంది, స్కర్ట్ గాలి ఒత్తిడికి వ్యాకోచించి బ్యారెల్ లోపలి గాడులను పట్టుకుంటుంది. మేము పోల్చడానికి తీసుకున్నవి జర్మనీలో తయారయ్యే ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్, చెక్ దేశపు జేఎస్‌బీ మ్యాచ్, చైనావారి చియాంగ్ యువాన్. వీటిలో రైఫిల్ కోసం చేసే పెల్లెట్ల బరువు 0.53 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. ఒకే బ్రాండులో కూడా తల వ్యాసాన్ని బట్టి 4.49, 4.50 వంటి రకాలు దొరుకుతాయి. వీటన్నిటికంటే ముఖ్యమైనది డబ్బా మీద ముద్రించే లాట్ నంబరు. ఒకే అచ్చుల మీద, ఒకే విడతలో తయారైన సరుకుకు ఒకే నంబరు ఉంటుంది; లాట్ మారితే పేరు అదే అయినా పెల్లెట్ ప్రవర్తన మారవచ్చు. కాబట్టి "ఫలానా బ్రాండు మంచిది" అనే మాటను నేను మొదటినుంచీ పక్కన పెట్టి, ఒక్కో లాట్‌నూ ఒక్కో అభ్యర్థిగా చూశాను.

ముందుగా ఇంట్లో చేయగలిగిన పని చేశాను. తెల్లని గుడ్డ మీద కొన్ని పెల్లెట్లు పోసి, భూతద్దం కింద స్కర్ట్ అంచులను ఒక్కొక్కటిగా తిప్పి చూశాను. మంచి పెల్లెట్‌కు ఆ అంచు గీత గీసినట్లు గుండ్రంగా ఉంటుంది. రవాణాలో దెబ్బ తిన్నదానికి ఒకచోట గోటితో నొక్కినట్లు లోపలికి వంగి ఉంటుంది. తర్వాత గాజు పలకను కొద్దిగా వాలుగా పెట్టి దొర్లించాను. తల కంటే స్కర్ట్ వెడల్పు ఎక్కువ కనుక పెల్లెట్ తిన్నగా పోకుండా వంపు తిరుగుతుంది. అన్నీ ఒకే వంపులో తిరిగితే ఆ లాట్ ఏకరీతిగా ఉన్నట్టు. అంచు వంగిన పెల్లెట్ మాత్రం సగం దారిలో తడబడి పక్కకు తొలుగుతుంది.

బరువు చూడటానికి షావుకారుపేటలో నగల దుకాణంలో పనిచేసే మా పెదనాన్నగారి అబ్బాయి మిల్లీగ్రాము వరకు చూపే త్రాసు తెచ్చి ఇచ్చాడు. ఒక లాట్‌లో దాదాపు అన్నీ ఒకటి రెండు మిల్లీగ్రాముల తేడాలో ఉన్నాయి, మరొకదానిలో తేడా ఐదారు మిల్లీగ్రాముల దాకా పోయింది. ఇక్కడే రెండో లాట్‌ను తీసివేయాలని అమ్మాయి అంది. నేను లెక్క వేసి చూశాను. సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్లే పెల్లెట్ పది మీటర్ల దూరాన్ని సుమారు 0.059 సెకనులో దాటుతుంది, ఆ లోపల గురుత్వాకర్షణ వల్ల 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. రైఫిల్ ఇచ్చే శక్తి మారదనుకుంటే, బరువు ఒక శాతం, అంటే ఐదు మిల్లీగ్రాములు పెరిగినప్పుడు ఆ దిగుడు కూడా ఒక శాతమే, 0.17 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఒక్క దశాంశానికి పావు మిల్లీమీటరు కావాలి. త్రాసు చూపే తేడా లక్ష్యం మీద ఒక్క దశాంశం కూడా కాదన్నమాట. అందువల్ల ఏ లాట్‌నూ బరువు కారణంగా తీసివేయలేదు.

అసలు పరీక్ష షూటింగ్ రేంజ్‌లో. యూరప్‌లో పెద్ద స్థాయి షూటర్లు రైఫిల్‌ను ఇనుప పట్టులో బిగించి లాట్లు పరీక్షిస్తారు. మాకు ఆ వసతి లేదు. రేంజ్ అధికారి అనుమతితో చివరి లేన్‌లో బల్ల వేసుకుని, రైఫిల్ ముందుభాగాన్ని ఇసుక సంచి మీద ఆనించి కాల్చడానికి ఏర్పాటు చేసుకున్నాము. పెల్లెట్లను మూతలున్న చిన్న ప్లాస్టిక్ డబ్బీల్లోకి మార్చి అడుగున అ, ఆ, ఇ, ఈ అని రాశాను; ఏ అక్షరం దేనిదో నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఈ జాగ్రత్త చాలా అవసరమని నా నమ్మకం. ఖరీదైన పెల్లెట్ అని తెలిస్తే షూటర్ ఇంకాస్త నిలకడగా కాలుస్తుంది, చౌకదని తెలిస్తే కొద్దిగా వదులవుతుంది, ఆ తేడా పెల్లెట్ ఖాతాలో పడుతుంది. "అమ్మా, ఇవి ఆర్10 కదూ?" అని ఒకసారి అడిగింది, నేను బదులు చెప్పలేదు. లాట్ మార్చిన ప్రతిసారీ బ్యారెల్‌లో పాత సీసం పొర, పాత నూనె ఉంటాయి కనుక మొదటి పది పదిహేను షాట్లను లెక్కలోకి తీసుకోలేదు. ఒకే లాట్‌ను వరుసగా కాల్చి ముగించకుండా నాలుగింటినీ వంతులవారీగా తిప్పాము. అలా చేస్తే సాయంత్రానికి వచ్చే అలసట అన్నిటికీ సమానంగా పంచుకుంటుంది.

కొలతలో ఒక చిక్కు ఉంది. పది పెల్లెట్లు ఒకే లక్ష్యంలోకి కాలిస్తే మధ్యలో చిరుగులు కలిసిపోయి ఏది ఎక్కడ తగిలిందో తెలియదు. కనుక ఒక్కో లక్ష్యంలో ఒక్కటే కాల్పించి, వాటన్నిటినీ పారదర్శకమైన కాగితం మీద లక్ష్యాల కేంద్రాలు కలిపి గుర్తించాను. చాలామంది అటు చివరి రంధ్రానికీ ఇటు చివరి రంధ్రానికీ మధ్య దూరాన్నే గ్రూప్ అంటారు; పదింటిలో రెండింటిని మాత్రమే చూసే కొలత అది. పైగా చెదురు ఏమాత్రం మారకపోయినా పది షాట్ల గ్రూప్ ఐదు షాట్ల గ్రూప్ కంటే సగటున దాదాపు నాలుగో వంతు పెద్దదిగా వస్తుంది కాబట్టి, ఒకరి ఐదు షాట్ల కార్డును మరొకరి పది షాట్ల కార్డుతో పోల్చకూడదు. నేను గుర్తుల సగటు స్థానం కనుక్కుని, అక్కడినుంచి ఒక్కో గుర్తు దూరం కొలిచి, ఆ దూరాల సగటు తీశాను. శ్రమ ఎక్కువే, కానీ ప్రతి పెల్లెట్ తన మాట చెబుతుంది.

ఫలితం తేటగా వచ్చింది. త్రాసు మీద అన్నిటికంటే ఏకరీతిగా ఉన్న లాట్ మూడో స్థానంలో నిలిచింది. అమ్మాయి తీసివేయాలన్న లాట్, తల వ్యాసం 4.50 ఉన్నది, అన్నిటికంటే దగ్గరగా కొట్టింది. మర్నాడు మళ్లీ కాల్పించినా అదే వరుస నిలబడింది. గెలిచినదాని పేరు ఇక్కడ రాయడం లేదు. అదే పేరుతో రేపు మీరు కొనే డబ్బా వేరే లాట్‌ది, మీ బ్యారెల్ వేరేది.

కొనడంలోనే కష్టపడ్డాము. లాట్ నంబరు రాసి పంపి, అదే కావాలని ఒకటికి రెండుసార్లు చెప్పినా, అమ్మకందారు పంపిన డబ్బాల్లో సగం మరో నంబరువి వచ్చాయి. "బ్రాండు అదేకదండీ" అన్నాడు. తిప్పి పంపి, మిగతావి మరో ఊరినుంచి తెప్పించుకున్నాము. చెన్నై గాలిలో తేమ ఎక్కువ కనుక తెరిచిన డబ్బాను అలాగే వదిలితే కొన్నాళ్లకు సీసం మీద తెల్లని పొడి పడుతుంది. మూత బిగించి, తేమ పీల్చే పొట్లాలతో గాలి చొరని పెట్టెలో పెడుతున్నాము. పెల్లెట్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే ఏదీ తినకూడదన్న నియమం కూడా ఇంట్లో పెట్టాను.

కొత్తగా నేర్చుకుంటున్న పిల్లల తల్లిదండ్రులు ఇప్పుడే ఇంత పని పెట్టుకోనక్కరలేదని నా అభిప్రాయం. మనిషి వల్ల వచ్చే చెదురు, పెల్లెట్ వల్ల వచ్చే చెదురు నేరుగా కలవవు, వాటి వర్గాలు (స్క్వేర్లు) కలుస్తాయి. చేతి చెదురు 4 మిల్లీమీటర్లు, పెల్లెట్‌ది 1 అయితే మొత్తం 4.12 అవుతుంది, పెల్లెట్ వల్ల పెరిగింది మూడు శాతమే. చేతి చెదురు 1.5కు తగ్గిన షూటర్‌కు అదే పెల్లెట్ మొత్తాన్ని 1.8కి చేరుస్తుంది, అంటే ఇరవై శాతం. మా అమ్మాయి ఈ రెండో స్థితికి దగ్గరపడిందని కోచ్ గారు గుర్తించారు కాబట్టే ఈ పరీక్షకు అర్థం ఏర్పడింది. ఈ లాట్ సగానికి తరిగినప్పుడు తర్వాతి లాట్ కోసం మళ్లీ ఇదంతా చేయాలి. అప్పటికి బ్యారెల్ కూడా కొంత మారి ఉండవచ్చు కనుక, కొత్తవాటితో పాటు వరుసలో నిలబెట్టి పోల్చడానికి ఇప్పటి లాట్‌లోంచి వంద పెల్లెట్లు వేరే డబ్బీలో తీసి, నంబరు రాసి పెట్టాను.