చిన్న డేటా మైనింగ్ కంపెనీ షేరు ఏళ్ళ తరబడి పట్టుకున్నా, ఎలాగంటే (నా అనుభవం)

మాది ఒడిశాలోని రాయగడ. మందుల హోల్‌సేల్ ఏజెన్సీ, నాన్నగారు పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నా. గుణుపూర్, మునిగుడ వైపు షాపులకి సరుకు వేస్తాం. ఇక్కడ షేర్లంటే బ్యాంకులు, స్టీలు, పేపర్ మిల్లు ఉన్న ఊరు కాబట్టి పేపర్ షేర్లు, ఇంతకు మించి ఎవరూ మాట్లాడరు. నేను మాత్రం డేటా మైనింగ్, అంటే కుప్పలుగా ఉన్న లెక్కల్లోంచి పనికొచ్చే సంగతులు వెతికి తీసే సాఫ్ట్‌వేర్ చేసే ఒక చిన్న లిస్టెడ్ కంపెనీలో కొన్నేళ్ళుగా డబ్బు పెట్టి ఉన్నా. పేరు రాయను, రోజుకి చేతులు మారే షేర్లే చాలా తక్కువ, నా మాట మీద నలుగురు ఒకేసారి ఎగబడితే ధర ఊరికే ఎగిరి వాళ్ళే ఇరుక్కుంటారు. ఎలా చూసి కొన్నానో, ఎందుకు ఉంచుకున్నానో అదే చెప్తా.

అసలు ఈ పని ఏమిటో నాకు తెలిసింది మా మేనల్లుడి వల్ల. విశాఖలో ఇంజినీరింగ్ చదివేటప్పుడు ప్రాజెక్టు కోసం మా బిల్లులన్నీ పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళాడు, ఏ మందుతో ఏ మందు కలిసి అమ్ముడవుతుందో లెక్క తీశాడు. అప్రియోరి అని 1994లో ఐబీఎంలో ఉన్న రాకేశ్ అగ్రవాల్, రామకృష్ణన్ శ్రీకాంత్ రాసిన పద్ధతి అట. యాంటీబయాటిక్‌తో గ్యాస్ మాత్ర పోతుందని వాడు చెప్పక్కర్లేదు, అది నాకూ తెలుసు. కానీ మునిగుడ వైపు షాపులు వానాకాలంలో మలేరియా మందు ఎక్కువ తీసుకున్నాక కొన్ని వారాలకి అవే షాపులు ఐరన్ టానిక్ ఎక్కువ అడుగుతున్నాయని తీశాడు. మలేరియా వచ్చి తగ్గినవాళ్ళకి రక్తం పడిపోతుంది కదా. బిల్లు బిల్లుగా చూస్తే అది కనిపించదు, అన్నీ కలిపి చూస్తేనే కనిపిస్తుంది. ఆ ఏడాది టానిక్ ముందే తెప్పించి పెట్టా, సరుకు నిలవలేదు. మందుల ఏజెన్సీకే ఇంత పనికొస్తే బ్యాంకుకి ఎంత పనికొస్తుంది అనిపించింది, ఎవరు అప్పు ఎగ్గొడతారో, ఏ కార్డు మీద మోసం జరుగుతోందో వాళ్ళు పట్టుకునేది ఇలాంటి లెక్కలతోనే.

తర్వాత ఈ రంగం గురించి చదివా. భయపెట్టే సంగతులే ఎక్కువ ఉన్నాయి. ఈ లెక్కలు తీసే సాఫ్ట్‌వేర్లు వెకా, ఆర్, పైథాన్‌లో సైకిట్-లెర్న్, ఇవన్నీ ఉచితం, మా మేనల్లుడు చేసింది కూడా ఉచితంగా దొరికేదానితోనే. ఇంకోవైపు పెద్ద కంపెనీలు. ఇంగ్లాండులో ఐఎస్ఎల్ అనే చిన్న కంపెనీ 1994లో క్లెమెంటైన్ అని డేటా మైనింగ్ సాఫ్ట్‌వేర్ తెచ్చింది, 1998లో ఆ కంపెనీని ఎస్‌పీఎస్ఎస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ కంపెనీ కొనేసింది, 2009లో ఎస్‌పీఎస్ఎస్‌నే ఐబీఎం 120 కోట్ల డాలర్లు పెట్టి కొనేసింది, క్లెమెంటైన్ ఇప్పుడు ఎస్‌పీఎస్ఎస్ మోడలర్ పేరుతో నడుస్తోంది. అంటే చిన్నది నిలబడాలంటే ఉచితంగా వచ్చేది చెయ్యలేని పని ఏదో తన దగ్గర ఉండాలి. నేను చూసిన కంపెనీకి అది ఉందని నాకు నమ్మకం కుదిరింది. మన బ్యాంకుల పాత సిస్టమ్స్‌లోంచి డేటా లాగి, శుభ్రం చేసి, ఆడిటర్ అడిగితే ఈ లోన్ ఎందుకు కాదన్నారో చూపించేంత వరకు మొత్తం ఒకేచోట ఇస్తారు, ఒకసారి బ్యాంకు దాని మీద పదేసి లెక్కలు కట్టుకున్నాక మార్చడం మహా కష్టం. నేను బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మార్చడానికే ఎంత వెనకాడతానో నాకు తెలుసు.

కొనే ముందు ఎక్కువ టైము పెట్టింది యాన్యువల్ రిపోర్టుల మీదే. ముందున్న రంగు ఫోటోలు, చైర్మన్ ఉత్తరం చదివి వదిలెయ్యొచ్చు, అసలు సరుకంతా వెనక నోట్స్‌లో ఉంటుంది. సాఫ్ట్‌వేర్ కంపెనీలో తప్పకుండా చూడాల్సింది ఒకటుంది, ప్రోగ్రామర్ల జీతాల్లో కొంత భాగం ఆ ఏడాది ఖర్చులో చూపించకుండా కొత్త ప్రోడక్ట్ తయారీ అని ఆస్తిలో రాసుకోవచ్చు, ఇండ్ ఏఎస్ 38 అనే రూలు కొన్ని షరతులతో దానికి ఒప్పుకుంటుంది. తప్పేం కాదు, కానీ అలా ఎక్కువ రాస్తే లాభం బాగా కనిపిస్తుంది, బ్యాంకులో డబ్బు మాత్రం కనిపించదు. అందుకని నేను ఐదారేళ్ళ లాభం ఒక వరసలో, వ్యాపారంలోంచి నిజంగా వచ్చిన క్యాష్ ఇంకో వరసలో నోటుబుక్కులో రాసుకున్నా. రెండూ ఇంచుమించు కలిసి నడుస్తున్నాయి. అప్పు లేదు. ఏఎంసీ డబ్బు, అంటే సాఫ్ట్‌వేర్ చూసుకోవడానికి ఏడాదికింత అని ఇచ్చేది, బ్యాంకులు ముందే కడుతున్నాయి. అది చూశాకే కొనడం మొదలుపెట్టా.

కొనడం కూడా మెల్లగానే. మార్కెట్ ఆర్డర్, అంటే ఎంత ధరకి దొరికితే అంతకి కొనెయ్యమనేది, పెట్టకూడదు ఇలాంటి షేర్లో, అమ్మేవాళ్ళు నలుగురే ఉంటే ఐదోవాడి ధర ఎక్కడో ఉంటుంది. రోజూ నా ధరకి లిమిట్ ఆర్డర్ పెట్టి షాపు పనిలో పడిపోయేవాణ్ణి, దొరికితే దొరికినట్టు.

మా బావమరిది సాలూరు నుంచి వచ్చినప్పుడల్లా ఇదే మాట. "ఏటి బావా, ఊరూ పేరూ తెలీని కంపెనీలో పోసేవు, అదే డబ్బెట్టి విజయనగరంలో సైటు కొనుంటే ఈపాటికి ఎంత అయ్యేది!" వాడు నా మంచికే అంటాడు. "సైటు ఉందిరా, అది అక్కడే ఉంటది, దీన్ని కూడా ఉండనీ" అన్నా.

2020 మార్చి 23న సెన్సెక్స్ ఒక్కరోజులో 3,934 పాయింట్లు పడిపోయింది, మధ్యలో 45 నిమిషాలు ట్రేడింగ్ ఆపేశారు. నా షేరు అంతకు ముందు నుంచే పడుతోంది, కొనేవాడే లేడు. మందుల వ్యాపారం కదా, ఆ రోజుల్లో నాకు తలెత్తే తీరిక లేదు, అయినా రాత్రి పడుకునే ముందు ఆ నోటుబుక్కు తీసి చూసేవాణ్ణి. అప్పు లేని కంపెనీ, చేతిలో క్యాష్ ఉంది, బ్యాంకులు లాక్‌డౌన్ అని సాఫ్ట్‌వేర్ ఆపెయ్యవు, పైగా ఎవరు కట్టగలరో ఎవరు కట్టలేరో తెలుసుకోవాల్సిన అవసరం అప్పుడే ఎక్కువ. అమ్మలేదు, వీలైనంతలో ఇంకొన్ని కొన్నా.

ఆ ఏడాదే నాకు నిజంగా కలిసొచ్చింది ఇంకొకటి. ఏజీఎంలు, అంటే షేర్‌హోల్డర్లతో కంపెనీ ఏడాదికోసారి పెట్టే మీటింగులు, వీడియోలో పెట్టుకోవచ్చని కేంద్రం 2020 మేలో సర్క్యులర్ ఇచ్చింది. అప్పటిదాకా రాయగడలో ఉన్నవాడు ముంబై మీటింగుకి వెళ్ళి ప్రశ్న అడగాలంటే షాపు మూసుకుని రానూపోనూ రైల్లోనే గడిచిపోతుంది. ఇప్పుడు స్పీకర్‌గా, అంటే మీటింగులో ప్రశ్న అడిగేవాడిగా, ముందు మెయిల్ పెట్టి రిజిస్టర్ చేసుకుంటే చాలు. గోడౌన్లో కూర్చునేవాణ్ణి, ఇన్సులిన్ ఫ్రిజ్ కోసం పెట్టిన ఇన్వర్టర్ ఉంది కాబట్టి కరెంటు పోయినా లైను తెగదు. 2021-22 నుంచి కస్టమర్ల బాకీలు ఎంత పాతవో రిపోర్టులో పట్టిక వెయ్యాలని రూలొచ్చింది, ఆరు నెలల లోపు, ఏడాది లోపు, అలా మూడేళ్ళు దాటినవి దాకా. ఆ చివరి గడిలో ఉన్న అంకె నాకు నచ్చలేదు. షాపుల బాకీలు వసూలు చేసుకునేవాడికి మూడేళ్ళ పాత బాకీ అంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. నాకొచ్చిన హిందీలో అదే అడిగా, ఇది ఎవరిది, వస్తుందా రాదా అని. ఎండీ గారు దాటెయ్యకుండా చెప్పారు, ప్రభుత్వ సంస్థల ఆర్డర్లవి, సగం రావొచ్చు, మిగతాది నష్టంలో రాసేస్తాం, ఇకమీదట అడ్వాన్స్ లేకుండా అలాంటివి తీసుకోం అన్నారు. తర్వాతి రిపోర్టులో ముందుగా ఆ పేజీయే తెరిచా. రాసేశారు, ఆ ఏడాది లాభం తగ్గింది, షేరు పడింది, నాకు మాత్రం వీళ్ళ మీద గురి కుదిరింది.

పాప చదువుకి ఈమధ్య కొంత భాగం అమ్మా. 2024 జులై 23 నుంచి ఏడాది దాటిన లిస్టెడ్ షేర్ల లాభంలో లక్షా పాతిక వేలు పోను మిగిలినదాని మీద 12.5 శాతం టాక్స్, అది తీసిపెట్టుకునే అమ్మాలి. అమ్మడం కూడా మళ్ళీ కొంచెం కొంచెంగానే, కొన్నట్టే. పెట్టిన డబ్బు మొత్తం వెనక్కి వచ్చేసింది, ఇంకా ఎక్కువ భాగం షేర్లు నా దగ్గరే ఉన్నాయి.

ఇప్పుడు నేను చూస్తున్నది ఏఐ. కంపెనీ దాని మీద బాగా ఖర్చు పెడుతోంది, మొన్నటి రిపోర్టులో తయారీలో ఉన్న సాఫ్ట్‌వేర్ అని ఆస్తిలో రాసిన అంకె అంతకుముందు కంటే పెరిగింది. వచ్చే ఏజీఎంకి ప్రశ్న రాసి పెట్టుకున్నా, అందులో ఎంత కస్టమర్ ఆర్డర్ చేతిలో ఉండి చేస్తున్నది, ఎంత మీ నమ్మకం మీద చేస్తున్నది, రెండూ విడివిడిగా చెప్పండి అని.