బెంగళూరు జాగ్వార్‌ను నెల్లూరు బండిగా చేసుకున్న వైనం

జాగ్వార్ ఎక్స్‌కేఆర్ కూపే (రెండు తలుపుల కారు) కొనాలని నేను 2023లో నిశ్చయించుకునేనాటికి ఆ మోడల్ తయారీ ఆగిపోయి తొమ్మిదేళ్లు గడిచాయి. 1948లో ఎక్స్‌కే 120తో మొదలైన ఎక్స్‌కే అనే పేరు 2014లో ఈ తరం కారుతోనే ముగిసింది. జాగ్వార్ డిజైనర్ ఇయాన్ కల్లమ్ సారథ్యంలో రూపుదిద్దుకున్న ఆకృతి, రివెట్లతోనూ జిగురుతోనూ అతికిన అల్యూమినియం బాడీ, సూపర్‌చార్జర్ (ఇంజనులోకి గాలిని ఒత్తిడితో పంపే పరికరం) ఉన్న 5 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వి8 ఇంజను ఒకే బండిలో కుదరడం ఇక అరుదు గనుక, మరో ఇరవై ఏళ్లకు దీన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఉంటారని నా నమ్మకం. వెనుక సీట్లు మాత్రం పేరుకే. చంటిపిల్లలకు తప్ప పనికిరావు.

చెన్నైలో ఒకటి, బెంగళూరులో ఒకటి దొరికాయి. చెన్నై బండి సగం దూరమే తిరిగింది కాబట్టి దాన్నే తీసుకోమని మా బావ పట్టుబట్టాడు. కానీ దానికి సర్వీసు బిల్లులు లేవు. పైగా పుట్టినప్పటి నుంచీ సముద్రపు గాలిలోనే ఉంది. అల్యూమినియం తుప్పు పట్టదనే మాట సగమే నిజం: ఉక్కు బోల్టు తగిలిన చోట ఉప్పుతేమ చేరితే రంగు కింద లోహం తెల్లగా పొడిబారి, పైన బుడగలు లేస్తాయి. ఈ ఇంజనుకు ఇంజను లోపలి టైమింగ్ చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్లు అరిగిపోవడం, ఇంజనును చల్లబరిచే ద్రవం (కూలెంట్) పోయే ప్లాస్టిక్ పైపులు వేడికి పెళుసెక్కి పగలడం అనే రెండు బలహీనతలు కూడా ఉన్నాయి. అందుకే బెంగళూరు బండి యజమానికి ముందే ఫోన్ చేసి, మేము వచ్చేదాకా స్టార్టు చేయవద్దని కోరి, తెల్లవారుజామున వెళ్లి చల్లటి ఇంజను శబ్దం విన్నాను. చైన్ వదులైతే చల్లటి ఇంజను స్టార్టు కాగానే వినిపించే గలగల వినిపించలేదు. చైన్ మార్చిన బిల్లు ఫైలులో ఉంది. పైపులు మార్చిన బిల్లు లేదు. ఆ మేరకు ధర తగ్గించమని అడిగితే ఆయన ఒప్పుకున్నారు.

అసలు ప్రయాస కాగితాలతో మొదలైంది. బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌వోసీ) కోసం ఫారం 28 మీద దరఖాస్తు చేయించాక, అప్పు ఎన్నడో తీరిపోయినా ఆర్‌సీలో బ్యాంకు పేరు అలాగే ఉందని తేలింది. ఆ పేరు తీయించడానికి కావలసిన ఫారం 35ను బ్యాంకు నుంచి రాబట్టడానికే ఏడు వారాలు పట్టింది. ఆ శాఖలో ఎవరిని అడిగినా పక్క టేబుల్ చూపించారు. ఆ తరువాత పాత చలానాలు బయటపడ్డాయి, వాటినీ కట్టించాము. వేరే రాష్ట్రపు బండిని పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతుంది కాబట్టి, లైఫ్ ట్యాక్స్ కూడా ఇక్కడ మళ్లీ కట్టాను. దాన్ని నేనిచ్చిన ధర మీద కాక, బండి తొలి ఇన్‌వాయిస్ ధర మీద, వయసును బట్టి తగ్గించిన శాతంతో లెక్కించారు. బేరమాడి మిగుల్చుకున్నదంతా అక్కడే పోయింది. నెల్లూరు జిల్లా పాత కోడ్ ఏపీ 26తో మొదలయ్యే నంబరు మీద నాకు మమకారం ఉన్నా, 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే కోడ్ కావడంతో ఆ ముచ్చట తీరలేదు.

మన నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్నదే వింటేజ్ వాహనం. 2012 నాటి నా బండికి ఆ హోదా రావాలంటే 2062 దాకా ఆగాలి. అప్పటికి నాకు ఎనభై రెండేళ్లు నిండుతాయి.

తిరుపతి, నాయుడుపేట మీదుగా ఇంటికి తెచ్చిన మరుసటి వారమే వేదాయపాళెం మెకానిక్ చేత పైపులన్నీ మార్పించాను. ఆయన విప్పిన పాత పైపు చేతిలోనే బిస్కెట్టులా విరిగింది. "ఇంకో ఎండాకాలం ఆగుంటే ఇంజనే పోయుండేది సార్," అని ఆ ముక్కలను చెత్తలో వేయబోతుంటే ఆపి, ఒక డబ్బాలో పెట్టి, తేదీ రాసి, బిల్లుల ఫైలు పక్కనే బీరువాలో ఉంచాను.