నవ్వాలా, భయపడాలా?

మన బ్యాచ్ రీయూనియన్ సావనీర్‌కి ఏదో ఒకటి రాయమన్నారు. మాస్టార్ల గురించి, మెస్ సాంబారు గురించి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు కాబట్టి, నేను హాస్టల్ కామన్ రూములో సీడీలు అద్దెకు తెచ్చుకుని చూసిన అమెరికన్ సస్పెన్స్ సినిమాల గురించి రాస్తాను.

మనవాళ్లకి ‘యూజువల్ సస్పెక్ట్స్’ (1995) అంటే పిచ్చి. చివర్లో ఆ అవిటివాడి నడక మెల్లగా సర్దుకుంటుంటే గదంతా ఈలలు. నాకూ నచ్చింది, కానీ రెండోసారి కూర్చుంటే పెద్దగా ఏమీ మిగల్లేదు, గుట్టు తెలిసిపోయాక ఆ మనుషులు ఏమైపోతే మనకెందుకు అనిపించింది. ‘సెవెన్’ అలా కాదు. చివర్లో వచ్చే పెట్టెలో ఏముందో తెలిసి చూసినా కడుపులో తిప్పుతుంది.

నా ఓటు మాత్రం ‘ఫార్గో’కే (1996). డబ్బు అవసరంలో పడ్డ ఒక కార్ల సేల్స్‌మన్ సొంత పెళ్లాన్నే కిడ్నాప్ చేయించి మామగారి దగ్గర గుంజాలనుకుంటాడు. కేసు పట్టేది నిండు కడుపుతో ఉన్న పోలీసు చీఫ్ మార్జ్. మిన్నెసోటా మంచులో శవాల దగ్గర వంగి, వాంతయ్యేలా ఉందని కాసేపు ఆగి, అది తగ్గగానే మళ్లీ ఆకలేస్తోందంటుంది! సగం మంది ‘ఏంట్రా ఇది, నవ్వాలా భయపడాలా’ అని లేచిపోయారు. నాకు నచ్చింది సరిగ్గా అదే. మొదట్లో నిజంగా జరిగిన కథ అని వేస్తారు చూడండి, అది ఉత్తదే, మా రూమ్మేట్ మాత్రం ఫైనలియర్ దాకా నమ్మాడు.

ఇక ‘ఎ సింపుల్ ప్లాన్’ (1998). ఎందుకో మనలో చాలామంది దీన్ని పట్టించుకోలేదు. తీసింది ‘ఈవిల్ డెడ్’ శామ్ రైమీయే, కానీ ఇందులో దెయ్యాల్లేవు. మంచులో కూలిన చిన్న విమానం, దాంట్లో 44 లక్షల డాలర్లు, దొరికింది ముగ్గురు మామూలు మనుషులకి, ఇద్దరు అన్నదమ్ములు, ఒక స్నేహితుడు. డబ్బు ఉంచుకోవడం తప్పన్న తమ్ముడి భార్యే, కట్టలు టేబుల్ మీద గుమ్మరించగానే ప్లాన్లు వేయడం మొదలుపెడుతుంది. అన్న పాత్రలో బిల్లీ బాబ్ థార్న్‌టన్‌ని చూడాలి. తన వాటాతో నాన్న పోగొట్టుకున్న పొలం తిరిగి కొనాలని అతని ఆశ. ఆ పొలం పోయింది తమ్ముడి కాలేజీ చదువు ఖర్చు వల్లేనని మధ్యలో చెప్తాడు, ఆ ముక్క తమ్ముడికి అప్పటిదాకా తెలీదు. మన బ్యాచ్‌లో పొలం అమ్మి ఫీజు కట్టిన ఇళ్లు ఎన్నో మీకు తెలుసు. తుపాకులకంటే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది ఆ మాటే.

రీయూనియన్ రాత్రి ప్రొజెక్టర్ పెడుతున్నారట. మళ్లీ ‘సస్పెక్ట్స్’ అంటే నేను ఒప్పుకోను, ముందే చెప్తున్నా.