పక్కింటికి పోయిన పంచమం

పదో తరగతిలో మేం ముగ్గురం నూనె డబ్బాతో చేసిన మన డబ్బా గిటారు అనగానే మన బడి వాళ్ళందరికీ దాని చివరి రోజే గుర్తొస్తుంది. వార్షికోత్సవం స్టేజీ మీద కీర్తన మధ్యలో తమిళ వార్తలు వచ్చిన రోజు. అంతకు ముందు నాలుగు నెలలు ఏం జరిగిందో మా ముగ్గురికే తెలుసు. మన పాత విద్యార్థుల కలయిక కోసం ఆ కథ మిగతా ఇద్దరినీ రాయమంటే "నువ్వే రాయి రా, నీకైతే అన్నీ గుర్తుంటాయి" అని తప్పించుకున్నారు. కాబట్టి తప్పులుంటే వాళ్ళను కూడా తిట్టండి.

1988 దసరా సెలవులు. పదో తరగతి, అంటే సెలవుల్లో కూడా టెన్షన్. సైకిల్ షాపు వాళ్ళబ్బాయి ఎవరి పెళ్ళి ఆర్కెస్ట్రాలోనో గిటారు చూసొచ్చాడు. కొందామంటే మద్రాసు పోవాలి, చేతిలో ఉన్నది బస్సు చార్జీకి కూడా చాలదు. "ఏముంది రా, పెట్టె, కట్టె, తీగ. మనమే చేద్దాం" అన్నాడు. వాడి ధైర్యమంతా షాపులో రెంచీలున్నాయని.

పెట్టె బస్టాండు దగ్గరి హోటల్లో దొరికింది. 15 కిలోల నూనె డబ్బా. కుంకుడు రసంతో మూడుసార్లు కడిగినా వాసన పోలేదు. ఎండలో పెట్టి వాయిస్తే బజ్జీలు వేగుతున్నట్టే ఉండేది. కట్టె మన బడి వెనక పడేసిన విరిగిన బెంచీది, మంచి టేకు. ఎవర్నీ అడగలేదు. ఈ మాట ఇన్నేళ్ళకు రాస్తే ఏం కాదనుకుంటా. డబ్బాకు ఈ పక్క, ఆ పక్క బెజ్జం కొట్టి కట్టెను ఆ చివరి నుంచి ఈ చివరికి దూర్చాం. అట్లా చేస్తే తీగల లాగుడంతా కట్టె మీదే పడుతుంది, రేకు నలగదు. ఇది తెలిసి చేసింది కాదు. మొదట రేకుకే మేకులు కొట్టి, డబ్బా అప్పడంలా వంగిపోయాక తెలిసింది.

తీగలు సైకిల్ బ్రేకు కేబుల్ నుంచి తీశాం. నల్ల తొడుగు ఊడదీసి, కొసన కట్ చేసి పురి విప్పితే సన్నటి ఉక్కు పోగులు వస్తాయి. కానీ ఏళ్ళ తరబడి పురిలో ఉన్న పోగు విప్పినా మెలికలు మెలికలుగానే ఉంటుంది. ఒక కొస మా ఇంటి బావి గిలక దూలానికి కట్టి, రెండో కొసకు రెండు ఇటుకలు వేలాడదీసి రాత్రంతా ఉంచాం. పొద్దున నీళ్ళు తోడడానికి వచ్చిన మా అవ్వ వాటిని చూసి ఎవరో చేతబడి చేశారనుకుంది.

సన్న తీగలు సరే, లావు తీగతోనే ఇబ్బంది. లావుపాటి ఇనుప తీగ వేస్తే సరిపోతుందనుకున్నాం. అది తీగలా మోగదు, కడ్డీలా టంగుమంటుంది. బరువు పెరగాలి గానీ బిరుసు పెరగకూడదు. అందుకే కొన్న తీగల్లో సన్న ఉక్కు మీద ఇంకో తీగ చుట్టి ఉంటుంది. మోటార్ వైండింగ్ షాపులో అడుక్కొచ్చిన రాగి తీగను, చేతి డ్రిల్లుకు ఉక్కు పోగు బిగించి, ఒకడు తిప్పుతుంటే ఇంకొకడు వేళ్ళ మధ్య బిగబట్టి చుట్టాం. నా చూపుడు వేలి మీద ఆ గీత చాన్నాళ్ళు ఉండింది. తీగలు బిగించే బిరడాలు జామ కొమ్మతో చెక్కాం. జారిపోతుంటే సుద్దముక్క పొడి రుద్దాం. సుద్దముక్కలకైతే మన బడిలో కొదవలేదు.

ఇక మెట్లు. గిటారు వాళ్ళు ఫ్రెట్లు అంటారు, వీణ వాళ్ళు మెట్లంటారు. మాకు తెలిసింది ఒకటే, సగంలో నొక్కితే పై సా వస్తుందని. తీగ పొడవు 640 మిల్లీమీటర్లు, సగం 320. అందులో పన్నెండు మెట్లు. స్కేలు పెట్టి 320ని పన్నెండు సమభాగాలు చేసి, హ్యాక్‌సాతో గాట్లు కోసి, సైకిల్ స్పోకులు ముక్కలు చేసి అందులో కూర్చాం. చూడ్డానికి నిచ్చెనలా ఎంత ముద్దుగా ఉండిందో. వాయిస్తే ఏ పాటా రాలేదు.

మ్యూజిక్ టీచరమ్మ వీణ వాయించేది. మన ఊరి సంగీత కళాశాలలోనే నేర్చుకుంది. భయపడుతూ తీసుకుపోతే నవ్వలేదు. డబ్బాను ఒళ్ళో పెట్టుకుని వాసన చూసి, "ఏ హోటల్ది?" అంది. తర్వాత ఒక్కో మెట్టూ నొక్కింది. ఏడో మెట్టు దగ్గర ఆగింది.

"ఇక్కడ ఏముండాలి రా?"

"పంచమం టీచర్." అంటే సరిగమపల్లో 'ప'.

"ఇది ప్రతి మధ్యమం." అంటే 'ప'కు ఒక్క మెట్టు కిందుండే పై 'మ'. ఎనిమిదో మెట్టు నొక్కింది. "పంచమం ఎక్కడికీ పోలేదు నాయనా. పక్కింట్లో ఉండాది."

తర్వాత లెక్కేసి చూసుకుంటే ఆమె చెవి ఎంత కచ్చితమో తెలిసింది. సమభాగాలు చేస్తే ఎనిమిదో గాటు సరిగ్గా తీగలో మూడో వంతు దగ్గర పడుతుంది. మిగిలిన రెండు వంతులు మోగితే వచ్చేది పంచమమే. ఆరో గాటు నాలుగో వంతు దగ్గర, అక్కడ శుద్ధ మధ్యమం, కింది 'మ'. అంటే మా నిచ్చెన మీద స్వరాలు లేక కాదు, ఏ ఇంట్లో ఉండాల్సినవి ఆ ఇంట్లో లేవు. కొన్నయితే రెండిళ్ళ మధ్య గోడ మీద కూర్చున్నాయి.

ఆమె మమ్మల్ని స్టాఫ్ రూములో లెక్కల మాస్టారి దగ్గరికి పంపింది. ఆయన దిద్దుతున్న పేపర్ల మీద నుంచి తల ఎత్తకుండానే విన్నారు. "మీరు అంకశ్రేఢిలో కట్టినారు రా వెధవల్లారా. అది గుణశ్రేఢిలో ఉండాలి." ఆ వారమే ఆ చాప్టర్ అయింది, ముగ్గురికీ అందులో సున్నాలే. ఒక పేపరు తిరగేసి వెనక గీశారు. ప్రతి మెట్టుకూ అంతే పొడవు తగ్గకూడదు, ఉన్నదాంట్లో అంతే వంతు తగ్గాలి. "మొత్తాన్ని పద్దెనిమిదితో భాగించు, అది మొదటి మెట్టు. మిగిలిందాన్ని మళ్ళీ పద్దెనిమిదితో భాగించు, అది రెండోది." 640లో పద్దెనిమిదో వంతు 35.6. మిగిలిన 604.4లో 33.6. తర్వాత 31.7. మెట్లు పోను పోను దగ్గరవుతాయి. గిటారు ఫోటోలో అది ఎన్నిసార్లు చూశామో, చూసి కూడా చూడలేదు.

పద్దెనిమిది మోటు లెక్క అని, అసలు సంఖ్య 17.817 అని చాలా ఏళ్ళకు తెలిసింది. ఆ మోటు లెక్కను 1581లో తన గ్రంథంలో రాసినాయన విన్సెంజో గెలీలీ. దూరదర్శినితో గురుగ్రహం చంద్రుల్ని చూసిన గెలీలియోకు తండ్రి. మాస్టారికి ఈ సంగతి తెలుసో లేదో అడగాల్సింది.

మోటు లెక్క ప్రకారం పన్నెండో మెట్టు 320 దగ్గర కాదు, 317.7 దగ్గర పడింది. రెండు మిల్లీమీటర్ల పైన తేడా. మేం మళ్ళీ టీచరమ్మ దగ్గరికి పోయాం. ఆమె "లెక్క ఎంతవరకో అంతవరకే. వీణకు మేళం కట్టేటప్పుడు మెట్టును మైనం మీద పెట్టి చెవితో జరుపుతారు" అంది. కొవ్వొత్తి మైనం పనికిరాదని, తేనె మైనంలో బొగ్గుపొడి కలపమని చెప్పింది. మూడు సాయంత్రాలు ఆమె వీణ సా పట్టుకుంటే మేం స్పోకు ముక్కల్ని గోటితో జరిపాం. ఆమె "ఇంకా" అనేది, "ఊఁ" అనేది, "పోయింది, వెనక్కి రా" అనేది. పన్నెండో మెట్టు 318 దగ్గర ఆగింది. మా తీగలు కట్టెకు మరీ ఎత్తులో ఉండేవి. నొక్కినప్పుడు తీగ సాగి శ్రుతి కాస్త పెరుగుతుంది, ఆ పెరిగిందాన్ని మోటు లెక్కలోని పొరపాటు సరిచేసింది. అట్లా కుదిరాక గుర్తు పెట్టుకుని, కొత్త గాట్లు కోసి అరాల్డైట్‌తో అంటించాం.

కరెంటు సంగతి త్వరగా చెప్పేస్తాను. పాత సామాన్ల కొట్లో నల్ల టెలిఫోన్ రిసీవర్ దొరికింది. చెవి దగ్గరుండే బిళ్ళ తీసేస్తే లోపల అయస్కాంతం, దాని మీద కాయిల్. ఉక్కు తీగ దాని పైన ఊగితే కాయిల్లో కరెంటు పుడుతుంది. దాన్ని టీకొట్టు వాల్వు రేడియో వెనక గ్రామఫోన్ పికప్ కోసం ఉండే బెజ్జాల్లో పెట్టాం. గుయ్‌మంటున్నా మోగింది. స్టేజీ మీద అన్నమయ్య కీర్తన పల్లవి రెండుసార్లు బాగానే వచ్చింది. మూడోసారి వాల్యూం పెంచబోయి సైకిల్ షాపోడు పక్క నాబ్ తిప్పాడు, మద్రాసు స్టేషన్ పట్టుకుంది. ఆ తర్వాతది మీకందరికీ తెలిసిందే.

బ్రయన్ మే కథ చదివింది ఉద్యోగంలో చేరిన చాలా కాలానికి. ఇంగ్లండు రాక్ బృందం క్వీన్‌లో గిటారిస్టు. 1963లో వాళ్ళ నాన్నతో కలిసి, పాత చలిమంట గూటి పైచెక్కతో గిటారు చేయడం మొదలుపెట్టాడు. చెక్కకు పురుగు పట్టిన బెజ్జాల్లో అగ్గిపుల్లలు కూర్చాడు. స్ప్రింగులు మోటార్ సైకిల్ ఇంజనువి. దాంతోనే ఆయన ప్రపంచమంతా వాయించాడు. చదివి ఆ రాత్రి సైకిల్ షాపోడికి ఫోన్ చేశాను. "వాడికి వాళ్ళ నాయన ఉండె రా. మా నాయన స్పోకులకు డబ్బులు పట్టుకున్నాడు" అన్నాడు.

నాకా పిచ్చి వదల్లేదు. చిత్తూరులో మా అవ్వగారి పెంకుటిల్లు కూల్చినప్పుడు టేకు వాసం ఒకటి తెచ్చుకున్నాను. అన్నేళ్ళు కప్పు కింద ఎండిన కట్టె అంత సులభంగా వంగదు. దాంతో బేస్ గిటారు చేశాను, 864 మిల్లీమీటర్ల పొడవు. దాని లావు తీగ సెకనుకు 41 సార్లు ఊగుతుంది. అంత లావు తీగలు చేత్తో చుట్టలేక చెన్నైలో కొన్నాను. తీగ ఊపును కరెంటుగా మార్చే పికప్ కాయిల్ మాత్రం నేనే చుట్టాను. వెంట్రుక మందం రాగి తీగ, ఏడు వేల చుట్లు, కుట్టు మిషన్ మోటారుతో. లెక్కపెట్టడానికి పిల్లల క్యాలిక్యులేటర్‌లో 'సమానం' బటన్‌కు, అయస్కాంతం దగ్గరికొస్తే కలుసుకునే రీడ్ స్విచ్ కలిపి, తిరిగే చక్రానికి చిన్న అయస్కాంతం అంటించాను. ఒకటి ప్లస్ ఒకటి కొట్టి వదిలితే చక్రం తిరిగినప్పుడల్లా అంకె పెరుగుతుంది. మొదటిసారి నాలుగు వేలు దాటాక తీగ తెగింది. ఆ రోజు అన్నం తినలేదు.

తిరుపతి వాడినని తెలిస్తే చాలు, "ఎర్రచందనంతో చేశారా?" అంటారు. జపాన్‌లో షామిసెన్ వాయిద్యం మెడకు దాన్ని మేలిరకంగా వాడతారు, నిజమే. మనం శేషాచలం కొమ్మ ముట్టుకుంటే జైల్లో వాయించాలి.

బేస్‌ను కలయిక రోజు తీసుకొస్తాను. నాకు కావాల్సింది డబ్బా గిటారు. పరీక్షలయ్యాక సైన్సు ల్యాబ్ బీరువా మీద పెట్టి వచ్చేశాం. తర్వాత పోయి అడిగితే గోడలకు సున్నం వేసినప్పుడు సామాన్లన్నీ తీశామన్నారు. మీలో ఎవరైనా చూసి ఉంటే చెప్పండి. డబ్బా తుప్పు పట్టి పోయినా సరే, కట్టె చాలు. గుర్తుపట్టడం కష్టం కాదు. మెట్ల మధ్య సుద్దపొడీ ఫెవికాలూ కలిపి పూడ్చిన పన్నెండు పాత గాట్లు తెల్లగా ఉంటాయి, అన్నీ సమాన దూరంలో. పన్నెండో గాటు మాత్రం తన మెట్టుకే ఆనుకుని ఉంటుంది, రెండు మిల్లీమీటర్ల అవతల.