"యజమాని పేరు చెప్పండి" అన్నారు: పధ్నాలుగు నెలల వెతుకులాట, నా అనుభవం

మొన్న గురువారం మధ్యాహ్నం దొరికింది. పాత రిజిస్టరులో మా పక్కింటి పెద్దామె వంశం గురించి నాలుగే నాలుగు లైన్లు. వాటి కోసం ఆమె, నేను పధ్నాలుగు నెలలు తిరిగాం. వేడి తగ్గకముందే రాసేస్తున్నాను.

మేం ఉండేది అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలోని ఆష్‌బర్న్‌లో. మా పక్కింట్లో ఉండే పెద్దామె నల్లజాతి మనిషి, రిటైరైన నర్సు, వయసు 74. నా రెండో కాన్పుకి అమ్మకు వీసా రాలేదు. అప్పుడు పసిపిల్లకి నీళ్ళు పోయడం దగ్గర్నుంచి నన్ను వేళకు పడుకోబెట్టడం దాకా అంతా ఈమే చూసుకున్నారు. ఒకరోజు మాటల్లో అన్నారు: "మా వాళ్ళు అంతర్యుద్ధానికి ముందే బానిసత్వం నుంచి బయటపడ్డారని మా అమ్మమ్మ చెప్పేది. కార్టర్ అనే ఆయన విడిపించాడట. నిజమో కాదో తెలీదు." వెతుకుదామన్నాను.

నాకెందుకంత పట్టింపు అని మా ఆయన కూడా అడిగాడు. మా తాత పల్నాడులో ఒక ఆసామి దగ్గర పాలేరు. పదేళ్ళప్పుడు చేరి, జుట్టు నెరిసేదాకా ఆ ఇంట్లోనే చేశాడు. ఆయన ఎప్పుడు పుట్టాడో మా ఇంట్లో ఎవరికీ తెలీదు. అందుకని పెద్దామె మాట నాకు పరాయి మాటలా అనిపించలేదు.

మొదటి మెట్టు తేలిక. జనాభా లెక్కలు 1940 నుంచి వెనక్కి చూసుకుంటూ పోతే రెండు శని ఆదివారాల్లో 1870కి చేరాం. 1890 లెక్కలు చాలామటుకు అగ్నిప్రమాదంలో దెబ్బతిని, తర్వాత నాశనమైపోయాయి కాబట్టి అక్కడ ఒక గెంతు గెంతాలి, అంతే.

అసలు గోడ 1870. బానిసత్వం పోయింది 1865లో, అంతర్యుద్ధం ముగిశాకే కాబట్టి, నల్లవాళ్ళందరి పేర్లూ జనాభా లెక్కల్లోకి ఎక్కింది ఆ ఏడాదే మొదటిసారి. 1850లోనూ 1860లోనూ బానిసలకి వేరే జాబితా ఉంది. అందులో పైన యజమాని పేరు, కింద వరసగా వయసు, ఆడా మగా, ఒంటి రంగు. పేర్ల గడే లేదు. పెద్దామె ఆరేళ్ళ కిందట డబ్బులిచ్చి ఒక మనిషిని పెట్టుకున్నారట. ఆ మనిషి 1870 దగ్గర ఆపేసి, ఇక దొరకదని చెప్పి ఫీజు మొత్తం తీసుకున్నాడు. అది తప్పు. అంతర్యుద్ధానికి ముందే విడుదలైన కుటుంబాలను మామూలు జనాభా లెక్కల్లోనే, తెల్లవాళ్ళతో పాటే, పేర్లతో సహా రాశారు. పెద్దామె అమ్మమ్మ మాట నిజమైతే వాళ్ళు అక్కడే ఉండాలి కదా అని నేను ఆ పుస్తకాలు తెరిచాను. ఒక్క రాత్రిలో 1860, 1850 రెండూ దొరికాయి. ఇంట్లో అందరి పేర్లూ ఉన్నాయి. డబ్బు తీసుకున్నవాడు చెయ్యని పని డబ్బు తీసుకోని నేను చేశాను, ఈ మాట గర్వంగానే రాస్తున్నాను. కాబట్టి ముసలివాళ్ళు చెప్పిన మాటని ఏ నిపుణుడి కోసమూ కొట్టిపారేయకండి.

1850 లెక్కలో ఆ ఇంటి పెద్ద ఆడమనిషికి 38 ఏళ్ళు. అంటే సుమారు 1812లో పుట్టింది. ఆమె స్వతంత్రురాలు ఎలా అయింది? వర్జీనియాలో 1662 నుంచి ఉన్న చట్టం ప్రకారం తల్లి బానిసైతే బిడ్డ బానిస, తల్లి స్వతంత్రురాలైతే బిడ్డా స్వతంత్రురాలు. మనం వంశం అనగానే తండ్రి ఇంటిపేరు పట్టుకుని పోతాం. ఇక్కడ తల్లిని పట్టుకోవాలి.

తల్లిని పట్టుకోవాలంటే ఒక రిజిస్టరు చూడాలి. 1793లో వచ్చిన చట్టం ప్రకారం బానిస కాని ప్రతి నల్లమనిషీ కోర్టు గుమాస్తా దగ్గరికి వెళ్ళి పేరు రాయించుకోవాలి. ఎత్తు, రంగు, వయసు, ఒంటిమీద మచ్చలు, ఎవరు విడిపించారు, ఇవన్నీ రాసుకుని పావు డాలరు పుచ్చుకుని కాగితం ఇచ్చేవారు. పల్లెల్లో మూడేళ్ళకోసారి దాన్ని మార్చుకోవాలి. కాగితం లేకుండా దొరికితే జైల్లో వేసేవారు. లైబ్రరీ ఆఫ్ వర్జీనియా వాళ్ళు ఇలాంటి కాగితాల్ని వర్జీనియా అన్‌టోల్డ్ అనే పేరుతో ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు. ముందు అక్కడే చూడండి. మాకు కావలసిన పేరు అందులో తగల్లేదు. దాంతో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు రికార్డుల గదికి వెళ్ళాల్సి వచ్చింది. ఏ కౌంటీయో రాయను.

మొదటిసారి వెళ్ళినప్పుడు కౌంటర్‌లో ఉన్నామె నన్నే చూసి మాట్లాడింది. "మీరు లాయరా? బంధువా?" పక్కింటామెనని చెప్పాను, వెతికేది ఈమె కుటుంబం గురించి అని పెద్దామెను చూపించాను. అయినా చూపు నా మీదే. "యజమాని పేరు చెప్పండి. పాత దస్తావేజులన్నీ రాసిచ్చినవాళ్ళ పేర్ల మీదే ఇండెక్స్ చేసి ఉంటాయి. ఓనర్ పేరు లేకపోతే మేమేం చెయ్యలేం."

ఓనర్. 74 ఏళ్ళ మనిషిని ఎదురుగా నిలబెట్టి, నీ ఓనర్ ఎవరు అని అడిగినట్టే ఉంది నాకు. పెద్దామె నెమ్మదిగా "కార్టర్ అని మా అమ్మమ్మ చెప్పేది" అన్నారు. ఆ కౌంటర్‌లో మనిషి నవ్వింది. "వర్జీనియాలో కార్టర్లకు కొదవా? వచ్చినవాళ్ళందరూ కార్టరే అంటారు." పెద్దామె చేతిలోని ఫైలు మూసి సంచిలో పెట్టేసుకున్నారు.

రెండోసారి అపాయింట్‌మెంట్ తీసుకునే వెళ్ళాం. నలభై అయిదు నిమిషాలు నిలబెట్టారు. మా తర్వాత వచ్చిన ఒక జంటకి, వాళ్ళ స్థలం హద్దుల కోసమట, కుర్చీలు వేసి పుస్తకాలు తెచ్చిచ్చారు. మా వంతు వచ్చేసరికి అలాంటి రిజిస్టరు తమ దగ్గర లేదన్నారు. పక్క కౌంటీకి వెళ్ళమన్నారు. అక్కడికి వెళ్తే, మళ్ళీ మొదటి చోటికే వెళ్ళమన్నారు. మా ఊళ్ళో ఎమ్మార్వో ఆఫీసులో కులం సర్టిఫికెట్ కోసం నాన్న తిరిగిన తిరుగుడే నాకు గుర్తొచ్చింది. వెనక్కి వచ్చేటప్పుడు కారులో రెండు గంటలు పెద్దామె ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటి దగ్గర దిగేటప్పుడు "ఇక వద్దమ్మా, బీపీ పెరుగుతోంది" అన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆమెకి లేని టెన్షన్ తెచ్చిపెట్టింది నేనే కదా అని ఏడ్చాను.

తనకి తెలియనిది తెలియదు అని చెప్పడానికి ఉద్యోగికి ఏమవుతుంది? తెలియదంటే మనమే ఇంకో దారి చూసుకుంటాం. లేదని చెప్పేస్తే ఆ వంశం అక్కడితో ఆగిపోతుంది. ఇది ఏ దేశంలో కౌంటర్ వెనక కూర్చున్నవాళ్ళకైనా చెప్తున్నాను.

నాలుగు నెలలు ఆగాను. ఆ నాలుగు నెలల్లో కార్టర్ల గురించి చదివాను. రాబర్ట్ కార్టర్ అనే ఆయన, 1728లో పుట్టినవాడు, నొమినీ హాల్ అనే పెద్ద ఎస్టేటుకి యజమాని. తన తోటల్లో, అంటే బానిసలు పనిచేసే పెద్ద పెద్ద పొలాల్లో, చాలావాటికి రాశుల పేర్లు పెట్టుకున్నాడు: మేషం, కర్కాటకం, సింహం, తుల, ఇలా. ముందు బాప్టిస్టుల్లో కలిశాడు. మనుషుల్ని బానిసలుగా ఉంచుకోవడం మతానికీ న్యాయానికీ విరుద్ధమని నమ్మి, 1791 ఆగస్టు 1న ఒక పత్రం రాసి 450 మందికి పైగా విడుదల చేస్తున్నానన్నాడు. సెప్టెంబరులో నార్తంబర్లండ్ జిల్లా కోర్టులో దాన్ని నమోదు చేయించాడు. అందరినీ ఒక్కసారి కాదు. 1792 జనవరి నుంచి ఏడాదికి 15 మంది చొప్పున పెద్దవాళ్ళు, పిల్లలైతే ఆడవాళ్ళు 18, మగవాళ్ళు 21 ఏళ్ళు నిండాక. ఇరుగుపొరుగు భూస్వాములకి అది నచ్చలేదు, సొంత ఇంట్లోనూ కొందరికి నచ్చలేదు. ఆయన 1793లో బాల్టిమోర్ వెళ్ళిపోయి, విడుదల పని బెంజమిన్ డాసన్ అనే బాప్టిస్టు బోధకుడికి అప్పజెప్పాడు.

మనకి పనికొచ్చే సంగతి ఏమిటంటే, ఆ పత్రంతో పాటు జాబితా ఉంది. తోటలవారీగా పేర్లు, వయసులు. మామూలుగా బానిసలకి లేని రికార్డు ఇది. దాన్ని గిఫ్ట్ డీడ్ అంటారు, మన రిజిస్ట్రారాఫీసులో పొలం రాసిచ్చే దానపత్రం లాగే. ఆ మాట విని పెద్దామె ముఖం ఎర్రబడింది. "ఎవరి ఒళ్ళు ఎవరికి దానం? ఆయన మంచివాడే, కాదనను. కానీ దానం అనకండి" అన్నారు. అప్పట్నుంచి మేమిద్దరం దాన్ని విడుదల కాగితం అనే అంటున్నాం.

మొన్న గురువారం మూడోసారి వెళ్ళాం. ఈసారి నేను కథ చెప్పలేదు. పెద్దామె కుటుంబం అనలేదు, వెతుకుతున్నాం అనలేదు. రిజిస్టరు పేరు, ఆ పాత పుస్తకాల మీద నల్లవాళ్ళకి వాడిన అసహ్యమైన మాటతో సహా, కాగితం మీద ప్రింటు తీసుకెళ్ళి ఇచ్చాను. పక్కనే 1805 నుంచి 1835 వరకు అని ఏళ్ళు కూడా వేశాను. మీకు నేను ఇవ్వగలిగిన గట్టి సలహా ఇదొక్కటే. ఆఫీసుల్లో బాధ చెప్పకండి, పుస్తకం పేరు చెప్పండి. ఆరోజు కౌంటర్‌లో వేరే కుర్రాడున్నాడు. వెనక అలమారా నుంచి అయిదు నిమిషాల్లో తెచ్చాడు. అయిదు నిమిషాలు! మమ్మల్ని నిలబెట్టిన చోటు నుంచి అది పది అడుగుల దూరం. పెద్దామెకు కుర్చీ వేసి, ఆమెనే చూస్తూ మాట్లాడాడు.

ముందు కూతురు దొరికింది: 1831, వయసు సుమారు 19, పుట్టుకతో స్వతంత్రురాలు, పక్కన తల్లి పేరు. తల్లి కోసం వెనక్కి తిప్పుకుంటూ పోతే, 1811. వయసు సుమారు 25. ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు. కుడి మణికట్టు మీద పెద్ద మచ్చ. రాబర్ట్ కార్టర్ విడుదల చేసినది, పత్రం నార్తంబర్లండ్ జిల్లా కోర్టులో ఉంది.

ఇంటికి తెచ్చుకున్న జాబితా కాపీలో వెతికాం. ఒక రాశి పేరున్న తోటలో అదే పేరుతో ఒక పాప, వయసు 5. ఏ రాశో, ఏం పేరో పెద్దామె బయట పెట్టొద్దన్నారు. 1791లో అయిదేళ్ళంటే 1804లో 18 నిండుతాయి. కార్టర్ చనిపోయిందీ 1804లోనే. 1806లో కొత్త చట్టం వచ్చింది, ఆ తర్వాత విడుదలైనవాళ్ళు ఏడాదిలోపు రాష్ట్రం విడిచి పోవాలని. రెండేళ్ళ తేడాలో ఆ పిల్ల ఇక్కడే ఉండిపోగలిగింది, కూతుర్ని కనగలిగింది.

రిజిస్టరు ముందు పెద్దామె ఏడవలేదు. నర్సు కదా, మణికట్టు మచ్చ అన్న లైను మీద వేలు పెట్టి, "కాలి ఉంటుంది. పొయ్యి దగ్గర పిల్లలకి కాలేది ఇక్కడే" అన్నారు. తన కుడి మణికట్టు ఎడమచేత్తో పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు. కాపీలకు పేజీకి అర డాలరు చొప్పున ఆమే కట్టారు, నన్ను కట్టనివ్వలేదు.

తిరిగొస్తుంటే కారులో అడిగారు: "మీ తాత పేరు ఏ పుస్తకంలో ఉంది?"

ఆ రాత్రి ఊరికి ఫోన్ చేశాను. "నాన్నా, ఆసామి ఇంట్లో పాత జమాఖర్చు పుస్తకాలు ఏమన్నా ఉన్నాయేమో. తాతకి ఏడాదికి ఎన్ని బస్తాలిచ్చారో రాసుకునే ఉంటారు కదా. ఏ ఏడు చేరాడో అన్నా తెలుస్తుంది."

నాన్న కాసేపు మాట్లాడలేదు. "వాళ్ళ గుమ్మంలో నిలబడి ఏమని అడగనమ్మా?" అన్నాడు.

"తాత పేరు చెప్పొద్దు. పుస్తకం పేరు చెప్పు. పాత ఆవర్జాలు చూడాలి, మా అమ్మాయి అడిగింది అను."

ఆదివారం వెళ్తానన్నాడు.