కాలిన చేయి, తొడ చర్మం: నా అనుభవం

పొయ్యి మీద నుంచి దించుతున్న నూనె గిన్నె పట్టు తప్పింది. ఎడమ చేయి మోచేతి మడత నుంచి మణికట్టు పైదాకా కాలింది. కుళాయి కింద ఇరవై నిమిషాలు చేయి పెట్టి, శుభ్రమైన గుడ్డ కప్పుకుని ఆసుపత్రికి వెళ్లాను. అంచుల్లో ఎర్రగా బొబ్బలెక్కిన చోట ప్రాణం తోడేస్తున్నట్టు మంట. మధ్యలో అరచేయంత మేర తెల్లగా, తోలులా బిగుసుకున్న చోట మాత్రం నొప్పే లేదు. అక్కడ పెద్దగా కాలలేదేమో అనుకుని కాస్త ధైర్యం తెచ్చుకున్నాను.

డాక్టరు ఆ తెల్లటి చోట సూదితో తాకారు. నాకు తెలియలేదు. వేలితో నొక్కి వదిలారు. రంగు మారలేదు. "ఇక్కడ నరాల కొసలూ పోయాయి, సన్నని రక్తనాళాలూ పోయాయి. అంచులు వాటంతట అవే మానతాయి. మధ్యలో మాత్రం వేరే చోటి చర్మం తెచ్చి వేయాలి" అన్నారు. నొప్పి లేకపోవడమే ప్రమాదానికి గుర్తని ఆయన చెప్పేదాకా నాకు తెలియదు.

ఒకే చేయి, ఒకే నూనె. పక్క పక్కనే ఉన్న రెండు చోట్లలో ఒకటి మానడమేమిటి, ఇంకొకటి మానకపోవడమేమిటి? మంచం మీద ఉన్నన్నాళ్లూ ఇదే అడిగాను. డాక్టరు విసుక్కోకుండా, వచ్చినప్పుడల్లా కాస్త కాస్త చెప్పారు.

మన పైచర్మానికి అట్టడుగున మూలకణాల వరుస ఉంటుంది. అవి విభజన చెందుతూ కొన్నింటిని అక్కడే ఉంచుకుని, కొన్నింటిని పైకి పంపుతాయి. పైకి వెళ్లినవి గట్టిపడి, చివరికి పొట్టులా రాలిపోతాయి. దాదాపు నెల రోజుల్లో పైచర్మమంతా ఇలా కొత్తదవుతుంది. ఆ అడుగు వరుస కాలిపోయినా ఇంకో ఆధారం ఉంది. వెంట్రుకల కుదుళ్లు లోపలి చర్మంలోకి లోతుగా దిగి ఉంటాయి. వాటి గోడల్లోనూ మూలకణాలుంటాయి. మామూలు రోజుల్లో వాటి పని వెంట్రుకను మొలిపించడం. పైన గాయమైతే ఆ పని పక్కన పెట్టి పైకి పాకి, చర్మాన్ని అల్లుతాయి. చెమట గ్రంథుల నాళాల్లోని కణాలూ అంతే. నా చేతి అంచుల్లో ఈ కుదుళ్లు మిగిలాయి, మధ్యలో అవి కూడా కాలిపోయాయి. ఇక అక్కడికి కొత్త చర్మం నాలుగు పక్కల నుంచి పాకుతూ రావాలి. అది చేరేలోపు చీము పట్టవచ్చు, గాయం ముడుచుకుపోయి మోచేయి వంగిపోవచ్చు.

ఆపరేషన్‌లో చచ్చిన పొరను రక్తం చిమ్మేదాకా చెక్కి తీశారు. తొడ మీద నుంచి మిల్లీమీటరులో నాలుగో వంతు మందాన చర్మం గీసి, వలలా కన్నాలు చేసి, సాగదీసి చేతికి పరిచారు. వేసిన చర్మానికి మొదటి రెండు రోజులు రక్తం అందదట. కింది గాయం నుంచి ఊరే ద్రవాన్ని పీల్చుకునే బతుకుతుంది. ఆ తరువాత కింది రక్తనాళాలు దాని నాళాలతో కలుస్తాయి. మధ్యలో చేయి కదిలినా, అడుగున కాస్త రక్తం గూడుకట్టినా ఆ కలయిక తెగిపోతుంది. అందుకే చేతికి బద్ద కట్టి కదలనివ్వలేదు. ఐదో రోజు కట్టు విప్పుతుంటే కళ్లు మూసుకున్నాను. "పట్టుకుందమ్మా, చూడండి" అంది నర్సు. గులాబి రంగులో వల గళ్లు, గళ్ల మధ్య ఎర్రటి చుక్కలు. అంత అందమైనది నేను అంతకుముందు చూడలేదు.

నిజంగా ఏడిపించింది మాత్రం తొడ. చర్మం గీసిన చోట తెరుచుకున్న నరాల కొసల మంటకు రాత్రుళ్లు నిద్ర ఉండేది కాదు. ఎనిమిదో రోజున అక్కడ అంటించిన పల్చటి పొర కింద నీరు కారిపోయి, దాన్ని మార్చాల్సి వచ్చింది. అప్పుడు నర్సు దీపం దగ్గరకు తెచ్చి, "ఆ వెంట్రుకల చుట్టూ చూడండమ్మా" అంది. ఎర్రటి పచ్చి గాయం మీద, ఒక్కో వెంట్రుక మొదట్లో ముత్యపు రంగులో చిన్న చిన్న వలయాలు. కొన్ని పక్కవాటితో అప్పటికే కలిసిపోయాయి. ఇన్నాళ్లూ డాక్టరు చెబుతున్నది నా ఒంటి మీదే కళ్లారా చూశాను. పద్నాలుగో రోజుకు పొర దానంతట అదే ఊడిపోయింది. కింద లేత చర్మం ఉంది.

ఒళ్లంతా కాలితే గీయడానికి తొడ కూడా మిగలదు కదా అని ఒకరోజు అడిగాను. 1975లో అమెరికాలో హోవర్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ మనిషి పైచర్మపు కణాలను ప్రయోగశాలలో పెంచే మార్గం కనిపెట్టారట. చిన్న ముక్క నుంచి పెద్ద పెద్ద పలచటి పొరలు తయారవుతాయి. లోపలి చర్మం లేకుండా పెరిగిన పొర కాబట్టి త్వరగా చిట్లిపోతుంది. ఆసుపత్రి నుంచి వచ్చాక మరికొంత చదివాను. జర్మనీలో పుట్టుకతోనే చర్మం ఊడిపోయే జబ్బున్న ఏడేళ్ల బాబుకు, అతని కణాల్లోనే జన్యులోపాన్ని సరిచేసి, దాదాపు 80 శాతం పైచర్మాన్ని మళ్లీ వేసిన సంగతి 2017లో ప్రచురితమైంది. అందులో నన్ను పట్టుకున్న విషయం ఒకటుంది. వేసిన కోట్లాది కణాల్లో చాలా భాగం కొంతకాలానికి రాలిపోయాయి. ఆ చర్మాన్ని నిలబెట్టింది వాటిలోని కొద్దిపాటి మూలకణాలే.

ఈ చదువే ఒక పొరపాటు నుంచి నన్ను కాపాడింది. పొట్ట కొవ్వులోంచి మూలకణాలు తీసి సూదితో ఎక్కిస్తే మచ్చ పూర్తిగా పోతుందని ఒకచోటి నుంచి ఫోను వచ్చింది. ఏ కణాలు, అవి అక్కడికి వెళ్లి ఏమవుతాయి, ఎంతమందిలో పరీక్షించి ఎక్కడ ప్రచురించారు అని అడిగాను. ఒక్కదానికీ జవాబు లేదు. గాయంతో కుంగిపోయిన మనిషికి ఇలా ఆశ అమ్మడం నాకు చాలా కోపం తెప్పించింది.

మచ్చ సంగతి వేరు. శరీరం గాయాన్ని ఆదరాబాదరాగా కొలాజెన్ అనే పీచులాంటి ప్రొటీన్‌తో పూడుస్తుంది. అందులోని కొన్ని కణాలకు కండరాల్లా ముడుచుకునే గుణం ఉంది. గాయాన్ని దగ్గరకు లాగడం వాటి పని. గాయం మూసుకున్నాక కూడా అవి ఆగకపోతే కీళ్లు బిగుసుకుంటాయి. అందుకే రోజుకు ఇరవై మూడు గంటలు బిగుతైన తొడుగు, పూటపూటా వ్యాయామం. వీటన్నిటికన్నా దురద భరించడం కష్టమైంది. గోకితే చిట్లుతుంది, గోకకుండా ఉండలేను. తడిగుడ్డతో అద్దుకుంటూ గడిపిన రాత్రులు లెక్కలేనన్ని.

ఇప్పటికి ఏడాదిన్నర. మచ్చ ఎరుపు తగ్గి చదునైంది. ఎండలో నడిస్తే చేయంతా చెమట పడుతుంది, ఆ అరచేయంత చోటు మాత్రం పొడిగానే ఉంటుంది. అంత పలచగా గీసిన చర్మంతో చెమట గ్రంథులు రాలేదు. రోజుకు రెండుసార్లు నూనె రాస్తాను.

మోచేతి మడత దగ్గర ఒక తీగలాంటి బిగువు మిగిలింది. వచ్చే నెల దాన్ని విడదీస్తారు. ఈసారి గజ్జ దగ్గర నుంచి పూర్తి మందం చర్మం తీస్తారట, అది తక్కువగా ముడుచుకుంటుంది. "తీసిన చోట మళ్లీ తొడలాగే పద్నాలుగు రోజులా?" అని అడిగాను. "కాదు, అక్కడ వెంట్రుకల కుదుళ్లతో సహా తీసేస్తాం. దానంతట అది రాదు. కుట్లు వేసి మూసేస్తాం" అన్నారు డాక్టరు.